తొక్కేవాళ్ల కొలతలు

మా ముందు గదిలో గోడకి ఆనించి ఒక కొండ సైకిలు ఉండేది. మా ఆయన దాన్ని కొన్నాక రెండుసార్లు తొక్కారు. మొదటిసారి ఫోటో కోసం. రెండోసారి, ఆ ఫోటోలో హెల్మెట్ వెనకది ముందుకి పెట్టుకున్నారని ఎవరో చెప్పినందుకు.

తొక్కకపోయినా సేవకి మాత్రం లోటు రానివ్వలేదు. ప్రతి శనివారం సాయంత్రం మెత్తటి గుడ్డ తీసుకుని, రంగు మెరిసే చోటల్లా తుడిచేవారు. చిన్నప్పుడు పళ్లు తోముకోవడానికి కూడా వాడింత శ్రద్ధ పెట్టలేదని మా అత్తయ్య సాక్ష్యం. చైనుకి వేసే నూనె సీసాలు రెండు ఉండేవి, వానలకి ఒకటి, ఎండలకి ఒకటి. రెండిటికీ సీలు అలాగే ఉంది. ఎండైనా వానైనా సైకిలు గదిలోనే ఉంది కాబట్టి ఏ సీసా తీయాలో ఆయనకి తేలలేదు.

ఆయనకొక బృందం కూడా ఉంది. పదకొండు మంది. ప్రతి ఆదివారం చక్రాలు ఊడదీసి సైకిళ్లని కార్లలో పడుకోబెట్టి, కొండ కింద టీ కొట్టు దగ్గర కలుస్తారు. అక్కడ చక్రాలు బిగిస్తారు, టీ తాగుతారు, మళ్లీ ఊడదీస్తారు. కొండ అక్కడే ఉంటుంది, వీళ్లూ అక్కడే ఉంటారు. ఒకరి జోలికి ఒకరు వెళ్లరు.

ఆ బృందానికి పెద్దని గేరు గురువు అంటారు. ఆ పేరు నేను పెట్టింది కాదు, వాళ్లే భక్తితో పెట్టుకున్నారు. ఆయన చేసేది బీమా ఆఫీసులో ఉద్యోగం. మోకాలి నొప్పి వల్ల మూడేళ్లుగా సైకిలెక్కలేదు, అందువల్ల సలహాలకి తీరిక ఎక్కువ. ఒకరోజు మా ఇంటికొచ్చి, సైకిలు ఎదురుగా కుర్చీ వేసుకుని, రోగిని చూసినట్టు చూశాడు.

"పార్టులు మార్చాలి," అన్నాడు. "కంపెనీ వాడిచ్చిన పార్టులతో ఎన్నాళ్లు తొక్కుతావు?"

"అదే నేనూ అనుకుంటున్నాను," అన్నారు మా ఆయన, ఆ పార్టులతో విసిగిపోయిన మనిషిలా.

"ముందు నీ స్టైలేంటో నువ్వు తెలుసుకోవాలి. ఎక్కేవాడికి ఒక రకం పార్టులు, దిగేవాడికి ఇంకో రకం, రోజంతా అడవిలో తిరిగేవాడికి మరో రకం. స్టైలు తెలియకుండా పార్టులు కొంటే, కొలత తెలియకుండా చెప్పులు కొన్నట్టే."

మాట మంచిదే. ఆ గదిలో ఆరోజు పలికిన మాటల్లో అదొక్కటే మంచిది. గురువు మోకాలు సంగతి ఎలా ఉన్నా, ఆ మాట వరకు నేను ఒప్పుకుంటాను.

మా ఆయన కళ్లు మూసుకుని తన స్టైలు కోసం లోపల వెతుక్కున్నారు. తర్వాత గంభీరంగా, "నేను దిగేవాణ్ణి," అన్నారు. "నిటారు దిగుళ్లు. అదే నా స్వభావం."

ఈ స్వభావం ఎక్కడిదో నాకు తెలుసు. రెండో ఫోటో నాడు, టీ కొట్టు పక్క వాలులో, బ్రేకు ఎక్కడుందో గుర్తురాక నలభై గజాలు గాలిలా వచ్చి గడ్డివాములో ఆగారు. ఆ నలభై గజాలే ఆయన జీవితంలోని నిటారు దిగుళ్లు.

గురువు జాబితా రాశాడు. ముందు చక్రాన్ని పట్టుకునే ఫోర్కు, పెద్ద రాళ్లమీద నుంచి దూకినా తట్టుకునేంత బరువైంది. నా చేతి మందాన పెద్ద గుబ్బలున్న టైర్లు. పళ్లెమంత బ్రేకు రేకులు. తలుపు వెడల్పున హ్యాండిలు. వెనక గేర్లలో ఎక్కడానికి పనికొచ్చే పెద్ద చక్రం తీసేసి, వేగానికి పనికొచ్చే చిన్న చక్రాలు.

నేను టీ కప్పులు పెట్టే మిషతో ఆ కాగితం చదివాను. బరువు లెక్క వేసుకుంటే సైకిలు నాలుగు కిలోలు పెరుగుతోంది. అంటే కూరగాయల సంచులు రెండు కట్టుకుని కొండెక్కినట్టు. పైగా ఎక్కే గేరు పోతోంది. ఆ కాగితం మీద టీ ఒలికించాలనిపించింది.

ఎందుకంటే ఆ సైకిలు తొక్కుతున్నది నేను.

మొదలుపెట్టింది కావాలని కాదు. నేల తుడిచినప్పుడల్లా దాన్ని జరపాలి. ఇటు జరిపితే పెడలు కాలికి తగిలేది, అటు జరిపితే హ్యాండిలు కర్టెన్ని లాగేది. ఒకరోజు విసుగొచ్చి వరండాలోకి తోశాను. వరండా నుంచి గేటు, గేటు నుంచి వీధి మలుపు. కాలేజీ రోజుల్లో నాలుగేళ్లు సైకిలు మీదే వెళ్లాను, కాళ్లు మర్చిపోలేదు. వారం తిరిగేసరికి మా ఇళ్ల వెనకున్న కొండ దగ్గరికి వెళ్లాను, ఆదివారాలు బృందం కార్లలో వెళ్లే ఆ కొండే. నెల తిరిగేసరికి సగం దాకా, ఆ తర్వాత పైదాకా ఎక్కాను. పైన నీళ్ల ట్యాంకు ఉంది, దాని దాకా మట్టి దారి, రాళ్లు, చెట్ల వేర్లు, పదకొండు మలుపులు. దిగేటప్పుడు అటువైపు వాలు తక్కువున్న తారురోడ్డు మీదుగా మెల్లగా వస్తాను. దిగుళ్లంటే నాకేం సరదా లేదు.

వారానికి నాలుగు రోజులు, పదింటికి వెళ్లి పదకొండున్నరకి రావడం. ఆ గంటన్నరలో ఏది ఎక్కడుందని నన్నెవరూ అడగరు. దువ్వెన, తాళాలు, కరెంటు బిల్లు, తెల్ల చొక్కా, అన్నీ తమంతట తాము ఎక్కడో ఉంటాయి. పది నెలలుగా ఆ గంటన్నర నాది.

దొరక్కుండా ఉండటానికి కాస్త తెలివి ఖర్చుపెట్టాను. సీటు నాలుగు వేళ్లు దించి తొక్కేదాన్ని, వచ్చాక ఆయన ఎత్తుకి లేపేదాన్ని. గుర్తు కోసం సీటు గొట్టం మీద గోళ్ల రంగుతో ఎర్ర చుక్క పెట్టుకున్నాను. మట్టి కడిగేదాన్ని. సీలు తీస్తే తెలుస్తుందని, చైనుకి కుట్టుమిషను నూనె వేసేదాన్ని.

మా అత్తయ్యకి మాత్రం మొదటి వారంలోనే తెలిసిపోయింది. వరండాలో కూర్చుని పేపరు చదివే మనిషి కళ్లు కప్పి సైకిలేం తీసుకెళతాం. నేను బిత్తరపోయి నిలబడితే ఆవిడ పేపరు దించకుండానే అంది: "వాడు తుడుస్తాడు, నువ్వు తొక్కుతావు. సంసారమన్నాక పనులు పంచుకోవాలిగా. గేటు వేసి వెళ్లు, కుక్కలొస్తాయి."

గురువు జాబితా రాసిన రోజు భోజనాల దగ్గర మా ఆయన్ని మెల్లగా కదిపి చూశాను.

"ఇవన్నీ బిగిస్తే బరువు పెరగదూ?"

"నీకెందుకీ గొడవ? దిగేటప్పుడు బరువే బలం."

"దిగాలంటే ముందు ఎక్కాలి కదండీ."

"అది టెక్నికల్ విషయం," అన్నారు. మా ఇంట్లో ఆ ముక్క పడితే చర్చ ముగిసినట్టు.

"ఒరేయ్, కొండ మీద నుంచి దిగేవాణ్ణి ఎవడన్నా పైకి మోసుకెళ్తాడేంట్రా?" అంది అత్తయ్య.

"నువ్వూరుకో అమ్మా."

శనివారం సైకిల్ షాపుకి ప్రయాణం. ఊడదీసిన చక్రం కారు వెనక సీటుకి మరక చేస్తోందని, దాన్ని ఒళ్లో పట్టుకోవడానికి ఒక మనిషి కావాలన్నారు. నేను వస్తానన్నాను. నా బట్టలకి మరకైతే ఫరవాలేదా అని ఆయనకి తోచలేదు, నేనూ గుర్తుచేయలేదు.

షాపు ఇరుకైన పొడుగాటి గది. గోడ నిండా పానాలు, పైకప్పుకి వేలాడే చక్రాలు, రబ్బరు వాసన. గేరు గురువు మాకంటే ముందే వచ్చి స్టూలెక్కి కూర్చున్నాడు. మెకానిక్ యాభై దాటిన మనిషి, కళ్లజోడు కాడ విరిగితే బ్రేకు తీగతో కట్టుకున్నాడు. జాబితా చేతికిస్తే చదివి, మడిచి, జేబులో పెట్టుకున్నాడు.

"ఎలా తొక్కుతారు సార్?"

"డౌన్‌హిల్," అన్నారు మా ఆయన. "నిటారు దిగుళ్లు. రాళ్లు, వేర్లు, అప్పుడప్పుడు కాస్త గాల్లో..." అంటూ అరచేతిని విమానంలా లేపి చూపించారు.

ఆ విమానం దిగేదాకా మెకానిక్ ఓపిగ్గా ఆగాడు. తర్వాత నేలమీద పూల దుప్పటి ఒకటి పరిచాడు. అది వాడి పద్ధతి. పాత పార్టు చూడకుండా కొత్త పార్టు బిగించడు. ఒక్కొక్కటే ఊడదీసి, దుప్పటి మీద సైకిల్లో ఏది ఎక్కడుంటుందో అక్కడే పేర్చాడు. నేను ఒళ్లోని చక్రంతో మూల బెంచీ మీద కూర్చున్నాను. అంతకుముందెప్పుడూ నన్నలా విప్పి ఎవరూ చూడలేదు, కాస్త సిగ్గేసింది.

"బ్రేకు ప్యాడ్లు అరగలేదు సార్. దిగేవాళ్లకి ఇవి రెండు నెలలు రావు."

"పెద్ద రైడర్లు బ్రేకు వాడరు," అన్నాడు గురువు.

"పెద్ద రైడర్లు ఆసుపత్రిలో ఉంటారు సార్," అన్నాడు మెకానిక్. "టైరు చూడండి. నడిమి గుబ్బలు అరిగిపోయాయి. పక్క గుబ్బలకి కొత్త టైరు మీదుండే రబ్బరు వెంట్రుకలు ఇంకా ఉన్నాయి. మలుపుల్లో వాలలేదన్నమాట. వెనక గేర్లు చూడండి. చిన్న చక్రాలు కొన్నప్పటిలాగే ఉన్నాయి. పెద్దవి రెండూ పళ్లు సన్నబడి పక్కకి వంగాయి. పెద్ద చక్రం మీద చైనుంటే కాళ్లకి తేలిక, బండి నెమ్మది. ఇది తొక్కేవాళ్లు దిగేవాళ్లు కాదు. ఎక్కేవాళ్లు. సీటు ముక్కు కూడా నున్నగా అరిగింది. లేచి నిలబడరు, కూర్చునే ఎక్కుతారు. మంచి ఓర్పున్న మనిషి."

మా ఆయన ముఖం చూడాలి. ఓర్పన్న గుణం తనకి ఎవరో ఆపాదించడం ఆయనకి అదే మొదలు.

మెకానిక్ సన్నటి ఇనప కొలబద్ద తీసి చైను లింకుల మధ్య దూర్చాడు. "వెయ్యి కిలోమీటర్లు పైమాటే," అన్నాడు. వేలికి నూనె రాసుకుని వాసన చూశాడు. "కుట్టుమిషను నూనె. పల్చన, దుమ్ము తగిలితే నిలవదు. అందుకే ఇంత తొందరగా అరిగింది."

నా పొదుపు తెలివికి నేనే తల దించుకున్నాను. పది నెలలు నా చేత్తో నేనే ఆ చైనుని పాడుచేసుకున్నాను.

"వెయ్యి కిలోమీటర్లా!" గురువు స్టూలు దిగాడు. "ఎప్పుడు తొక్కావయ్యా?"

మా ఆయన ముందు రెండు దారులున్నాయి. నిజం చెబితే, పది నెలల్లో సైకిలు తొక్కలేదని ఒప్పుకోవాలి. ఊరుకుంటే వెయ్యి కిలోమీటర్లు ఊరికే వచ్చి ఒళ్లో పడతాయి. ఆయన ఎక్కువసేపు ఆలోచించలేదు.

"పొద్దున్నే," అన్నారు. "మీరంతా లేవకముందే. చెప్పుకోవడం నాకిష్టం ఉండదు."

మూడు కేకలేస్తే గానీ లేవని మనిషి.

"మరి ఈ కుట్టుమిషను నూనె?"

"అది... నా సొంత పద్ధతి."

గురువు ఫోన్ తీసి రాసుకున్నాడు.

"పైన సూర్యోదయం చూడాలండీ," మా ఆయనకి ఊపు వచ్చింది. "లోయంతా బంగారం. మాటల్లో చెప్పలేం."

మాటల్లో చెప్పొచ్చు. తూర్పువైపు నీళ్ల ట్యాంకు గోడ అడ్డం. అక్కడ సూర్యుడు కనిపించేది పదిన్నరకి, అదీ గోడ పైనుంచి.

"ఈ ఆదివారం నువ్వే ముందు. మేం పదిమందిమీ నీ వెనక. పైదాకా!" అన్నాడు గురువు, ఆయన భుజం మీద చరిచి. మా ఆయన నవ్వారు. పంటి డాక్టరు కుర్చీలో నవ్వే నవ్వు.

నేను నోరెత్తలేదు. గొప్ప మనసుతో కాదు, లెక్క వేసుకునే. ఆ కిలోమీటర్లు ఆయన పేరున పోతే పోనీ. పేరుతో నేనేం చేసుకుంటాను? ఎక్కే మనిషని తేలితే ఎక్కే పార్టులొస్తాయి. సోమవారం పదింటికి అవి ఎవరి కాళ్ల కింద ఉంటాయన్నదే నాకు ముఖ్యం.

అనుకున్నట్టే జరిగింది. మెకానిక్ తన జాబితా చెప్పడం మొదలుపెట్టాడు. తేలికపాటి ఫోర్కు, ఎక్కేటప్పుడు ఊగకుండా బిగించుకునే మీటతో. ఇప్పుడున్న దానికంటే పెద్ద పళ్ల చక్రం వెనక. సన్న గుబ్బల టైర్లు. పొట్టి పెడల్ కాడలు. హ్యాండిలు అటూ ఇటూ రెండేసి వేళ్లు కోసెయ్యడం.

"బాగుందండీ," అన్నాను, ఇంటిల్లాలి గొంతుతో. "ఇతనికి తెలిసినట్టే ఉంది."

"పొట్టి కాడలెందుకు?" అన్నాడు గురువు. "ఇతను అయిదడుగుల పదకొండు."

మెకానిక్ సీటు గొట్టం చేతిలోకి తీసుకున్నాడు. కింద ఒక చోట ఎర్ర చుక్క, దాని చుట్టూ సన్నటి గీతలు. దానికి నాలుగు వేళ్లు పైన ఇంకో చోట, మనిషి బరువుకి ఒరుసుకునీ ఒరుసుకునీ గొట్టం తెల్లగా గీసుకుపోయింది. ఎర్ర చుక్కని బొటనవేలితో రుద్ది చూశాడు. తర్వాత నా గోళ్ల వైపు చూశాడు. చక్రం పట్టుకున్న చేతులు కదా, దాచుకోవడానికి లేదు. గొట్టం దుప్పటి మీద పెట్టేశాడు. వాడికి తెలిసిపోయింది.

"కాడల సంగతి తర్వాత చూద్దాం," అన్నాడు.

పని అయిపోయిందనే అనుకున్నాను. అప్పుడు గురువుకి జ్ఞానోదయమైంది.

"ఆగండాగండి. వెయ్యి కిలోమీటర్లు ఎక్కాడు. అంటే ఎక్కడం అయిపోయింది! ఇంకా ఎన్నాళ్లు ఎక్కుతాడు? స్టైలన్నది పెరగాలి. ఇప్పుడు దిగాలి."

మా ఆయనకి ప్రాణం లేచొచ్చింది. గోడ పక్కనున్న బరువైన ఫోర్కు పెట్టె మీద చెయ్యేశారు. "నిజమే. ఎక్కీ ఎక్కీ విసుగొచ్చేసింది. ముందు రాసిన జాబితాయే బిగించెయ్."

"నాకు రాలేదు," అన్నాను.

ముగ్గురూ తిరిగారు.

"ఏం రాలేదు?"

"విసుగు."

నా నోటి నుంచి వచ్చాక నాకూ వినపడింది. వెయ్యి కిలోమీటర్లు ఇచ్చేశాను, సూర్యోదయం ఇచ్చేశాను, నా ఓర్పు కూడా ఆయన ఖాతాలోకే పోతుంటే చూస్తూ కూర్చున్నాను. ఆ విసుగు మాత్రం నేనివ్వలేకపోయాను. చక్రం పక్కన పెట్టి లేచాను.

"ఆ చైను అరగదీసింది నేను. కుట్టుమిషను మా ఇంట్లో ఎవరిదో ఈయన్నడగండి."

గురువు పగలబడి నవ్వాడు. "చెల్లెమ్మ భలే జోకులేస్తుందే!"

"ఆ, మా ఇంట్లో అంతే," మా ఆయనా నవ్వారు. కానీ ఆ నవ్వు సగంలో సన్నబడింది, ఆ గేరు పళ్లలాగే.

నేను మెకానిక్‌తో, "ఒకసారి బిగించవయ్యా," అన్నాను. వాడు అడగాల్సిన ప్రశ్న ఒక్కటీ అడగలేదు. చట్రం స్టాండులో నిలబెట్టి, హ్యాండిలు, పెడళ్లు పెట్టి, సీటు ఆ గీసుకుపోయిన చోట బిగించాడు. నా మణికట్టుకి ఎప్పుడూ ఉండే రబ్బరు బ్యాండు నా చెయ్యి దానంతటదే తీసింది. ప్యాంటు కుడికాలు మడిచి దాన్ని చీలమండకి తొడిగాను, చైనులో పడకుండా. ఎక్కి కూర్చున్నాను.

గది చిన్నది, చూడకుండా ఉండటానికి ఎవరికీ చోటు లేదు. మోకాళ్లు ఉండాల్సిన చోట ఉన్నాయి. సీటు ముక్కు మీది నునుపు ఎక్కడుందో నేనూ అక్కడే ఉన్నాను.

"ఇప్పుడు సార్ ఎక్కండి," అన్నాడు మెకానిక్. మా ఆయన ఎక్కారు. మోకాళ్లు చెవుల దాకా వచ్చాయి, మిడతలాగా. గురువు ఇంకా పూర్తిగా ఆశ వదులుకోలేదు. "ఇలా కూర్చోవడం కూడా నీ సొంత పద్ధతేనా?" అన్నాడు.

మా ఆయన దిగారు. నన్ను చూశారు. ముందు గదిలో పది నెలలుగా ఉన్న వస్తువుని మొదటిసారి చూసినట్టు చూశారు, ఈసారి సైకిల్ని కాదు.

"నువ్వా? ఎప్పుడు?"

"మీరు ఆఫీసులో ఉన్నప్పుడు."

"అమ్మకి?"

"గేటు వేసి వెళ్లమంటారు."

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే తాళం వేసేవారు. లేదా నేర్పించేవారు."

ఈ రెండిట్లో ఏది ఎక్కువ బాధో ఆయనకి అర్థమైనట్టు లేదు. ముఖం ఎర్రబడింది. "అసలు ఈ సైకిలు నాది," అన్నారు. "నా పేరున కొన్నది. నా ఇష్టమొచ్చిన పార్టులు బిగించుకుంటాను."

ఆ మాట నిజమే. బిల్లు ఆయన పేరునే ఉంది, గోడా ఆయనదే, శనివారం గుడ్డా ఆయనదే. ఆయన ఊ అంటే సోమవారానికల్లా ఆ సైకిలు రెండు కూరగాయల సంచులు మోస్తూ ఉంటుంది, దానితో నేను మొదటి మలుపు కూడా దాటను. మెకానిక్ బరువు ఫోర్కు పెట్టె వైపు చూసి, పని చెప్పేవాళ్ల కోసం ఆగాడు.

కోపం తెచ్చుకుంటే పని కాదు. ఇరవై రెండేళ్ల కాపురంలో ఆయన నా కోపానికి లొంగడం ఎప్పుడూ చూడలేదు. భయానికి చూశాను.

"మీదేనండీ," అన్నాను. "ఎవరు కాదన్నారు? వెయ్యి కిలోమీటర్లు కూడా మీవే. మీకు నచ్చినట్టే బిగించుకోండి. ఎలాగూ రేపు ఆదివారం పైదాకా మీరే ముందు, మిగతా పదిమందీ మీ వెనక. పదకొండు మలుపులు. ఆరో మలుపు దగ్గర వేర్లు కాస్త చూసుకోండి. ఈ ఫోర్కుతో అయితే అక్కడ దిగి మోయాల్సి వస్తుందేమో."

"ఎంత బరువుంటుంది మొత్తం?" అన్నారు మా ఆయన, మెకానిక్‌తో, చిన్న గొంతుతో.

"ఈ పార్టులతోనా? పద్దెనిమిది కిలోలు."

ఆయన చూపు షాపు తలుపులోంచి బయటికి పోయింది. అక్కణ్ణుంచి కొండ కనపడదు, అయినా ఆయనకి కనపడింది. పదకొండు మలుపులూ ఒకటొకటిగా ఆయన ముఖం మీదే ఎక్కడం నేను చూశాను. మూడో మలుపు దగ్గరే ఆగిపోయారు.

"పైన ఏముంది?" అన్నారు ఉన్నట్టుండి.

లోయంతా బంగారమని అరగంట క్రితం చెప్పిన మనిషి. గురువు విన్నాడు. నా నాలుక చివర ఒక మాట ఉంది, మంచి పదునైంది, ఇప్పటికీ అప్పుడప్పుడు తీసి చూసుకుంటాను. అనలేదు.

"నీళ్ల ట్యాంకు," అన్నాను. "సిమెంటు గోడ. దాని నీడలో కూర్చోవచ్చు."

"అంతేనా?"

"అంతే."

ఆయన బరువు ఫోర్కు పెట్టె మూత మూశారు. తర్వాత గొంతు సవరించుకుని, గురువు వైపు తిరిగి, ఎంతో పెద్దరికంగా అన్నారు: "అసలు మొదటి నుంచీ నా ఉద్దేశం ఇదేనయ్యా. ఆవిడ కోసమే. సర్‌ప్రైజ్‌గా ఉంటుందని చెప్పలేదు."

"చెప్పలేదు," అన్నాను నేను. ఎవరికి ఎవరు సర్‌ప్రైజ్ ఇచ్చారో ఆ గదిలో నలుగురికీ తెలుసు.

"అయితే ఎవరి కొలతలు తీసుకోమంటారు సార్?" అన్నాడు మెకానిక్. వాడికి మాట మాటగా చెప్పించుకోవడం ఇష్టం.

"ఆవిడవి."

నన్ను మళ్లీ ఎక్కించి, మోచేతుల ఎడం చూసి, హ్యాండిలు రెండు చివర్లా సుద్దతో గీత గీశాడు. "అమ్మా, కోస్తే మళ్లీ అతకదు."

"కొయ్యి."

రంపం శబ్దానికి మా ఆయన కళ్లు మూసుకున్నారు, సూదిమందు వేయించుకునే మనిషిలా. రెండేసి వేళ్ల ముక్కలు రెండు నేలమీద పడి దొర్లాయి. గురువు వాటిలో ఒకటి తీసి చూసి, దేనికైనా పనికొస్తుందేమోనని జేబులో వేసుకున్నాడు.

ఆ ఆదివారం మా ఆయనకి నడుం పట్టేసింది. బృందం మామూలుగానే టీ తాగి వచ్చింది. తర్వాత తెలిసిందేమంటే, పదిమందీ చైన్లకి కుట్టుమిషను నూనె వేసుకుంటున్నారట. తొక్కరు కాబట్టి నష్టం లేదు. మా ఆయన వాళ్లందరికీ ఒక పెద్ద సందేశం కూడా రాశారు: భార్య తొక్కే తీరుని నెలల తరబడి గమనించి, ఆమెకి తగ్గ పార్టులు తాను ఎలా ఎంపిక చేశారో, అందులో ఎన్ని సూక్ష్మాలున్నాయో. చాలా మెచ్చుకున్నారు. ఒకాయన కళ్లు చెమర్చాయని రాశాడు.

గురువు నాకే ఫోన్ చేశాడు. "చెల్లెమ్మా, వచ్చే ఆదివారం నువ్వొచ్చి మమ్మల్ని పైకి తీసుకెళ్లాలి."

"ఆదివారం నాకు సెలవండీ," అన్నాను.

రహస్యం పోయింది, అదొక్కటే నష్టం. ఇప్పుడు సోమవారం పొద్దున ఆఫీసుకి వెళ్తూ వెళ్తూ ఆయన గాలి చూసుకున్నావా అంటారు, నీళ్ల సీసా పెట్టుకున్నావా అంటారు, ఆరో మలుపు దగ్గర వేర్లుంటాయి జాగ్రత్త అంటారు. నాకే చెప్తారు. మా అత్తయ్య పేపరు వెనక నుంచి, "పాపం, ఎన్నిసార్లు ఎక్కాడో," అంటుంది.

అయినా గేటు దాటితే అంతా మామూలే. కొత్త ఫోర్కు మీట బిగించి, కొత్త పెద్ద చక్రం మీదికి చైను ఎక్కించి, మొదటి మలుపు దగ్గర ఊపిరి సర్దుకుంటాను. సైకిలు తేలికైంది. కొండ మాత్రం తగ్గలేదు. ఆ మొదటి సోమవారం ట్యాంకు గోడ నీడలో కూర్చుని నీళ్లు తాగుతుంటే ఫోన్ మోగింది. ఇంతకుముందు ఆ గంటన్నరలో ఎప్పుడూ మోగలేదు.

"ఎక్కేశావా?" అన్నారు మా ఆయన. వెనక ఆఫీసు చప్పుడు, ఎవరో పక్కనుండి వింటున్న అలికిడి. "ఎన్ని నిమిషాలు పట్టింది? గురువు అడుగుతున్నాడు, బృందంలో పెట్టాలట. పాత పార్టులకీ కొత్త పార్టులకీ తేడా ఎంతో తెలియాలిగా."

"చూసుకోలేదండీ," అన్నాను.

చూశాను.